డ్రాప్సీ నుంచి ఆర్60.9 దాకా: ఒంట్లో నీటికి పేరు పెట్టిన కథ

ఈ ఎపిసోడ్ మా వంటింట్లో మొదలైంది. మా నాయనమ్మకు రెండు కాళ్లూ వాచాయి, రాత్రి పడుకుంటే ఆయాసం. ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచి పంపించారు. డిశ్చార్జ్ సమ్మరీలో డయాగ్నోసిస్ దగ్గర రెండే ముక్కలు: ఫ్లూయిడ్ రిటెన్షన్. అంటే, ఒంటికి నీరు పట్టింది. అది నాయనమ్మ ముందే చెప్పింది కదా!

మా అక్క మెడికల్ కోడర్. బీఎస్సీ అయ్యాక అమీర్‌పేట్‌లో కోచింగ్ తీసుకుంది, ఇప్పుడు రోజంతా అమెరికా పేషెంట్ల చార్టులు చదువుతుంది. ఆ కాగితం చూసి, "ఇది నా చార్టే అయితే ఆర్60.9 వేసి పక్కన పెట్టేయాల్రా" అంది. వెనకాలే ఎకో రిపోర్ట్ పిన్ చేసి ఉంది, గుండె పంపింగ్ తక్కువని. "మరి ఇది చూడవా అక్కా?" అన్నాను. "చూస్తా. కానీ డాక్టర్ రాయని జబ్బు నేను వేయకూడదు. ఆయనకి క్వెరీ పంపి అడగాలి, అంతే."

నేను కోడ్ రాసి బతికినవాణ్ణి. ఎర్రర్ మెసేజ్‌లో "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అని వస్తే ఎంత మండుతుందో నాకు తెలుసు. ఆర్60.9 అలాంటిదే. ఐసీడీలో ఆర్ అక్షరంతో మొదలయ్యేవి లక్షణాల కోడ్‌లు, జబ్బు పేర్లు కావు. ఆ 60.9 అంటే వాపు ఉంది, ఎక్కడో ఎందుకో రాయలేదు అని. ఇదెక్కడి నుంచి వచ్చిందని తవ్వుతూ పోతే 1662లో తేలాను.

లండన్‌లో జాన్ గ్రాంట్ అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. డాక్టర్ కాదు. ఊళ్లో వారం వారం అచ్చయ్యే చావుల లెక్కలు కూర్చుకుని 1662లో ఒక పుస్తకం వేశాడు. అందులో చావు కారణాల్లో ఒకటి డ్రాప్సీ. మన జలోదరం, ఒళ్లంతా నీరు, కాళ్ల వాపు, అన్నీ ఆ ఒక్క మాటలోనే. కారణం చెప్పేది ఎవరనుకున్నారు? శవాన్ని చూసి రావడానికి పెట్టుకున్న ముసలమ్మలు. కాస్త బీరు, కాస్త డబ్బు అందితే సుఖరోగాన్ని క్షయ అని రాయించేస్తారని గ్రాంటే అనుమానపడ్డాడు. అంటే డేటా ఎంట్రీ సమస్య అప్పటిదే.

తర్వాత విలియమ్ వితరింగ్, బర్మింగ్‌హామ్ డాక్టర్. 1775లో ఆయన దగ్గరికి ఒక నాటువైద్యం చిట్టీ వచ్చింది. ష్రాప్‌షైర్‌లో ఒక ముసలావిడ డ్రాప్సీకి రహస్యంగా వాడే మందు, ఇరవై రకాల ఆకులు. వాటిలో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ అని ఆయన పట్టుకున్నాడు, 1785లో పుస్తకం రాశాడు. నాకు నచ్చింది మందు కాదు, ఆయన నోట్స్. బాగైన కేసులే ఏరి వేయలేదు, ఫెయిలైనవీ పెట్టాడు. కొందరికి నీరు దిగిపోయేది, కొందరికి చుక్క కూడా కదిలేది కాదు. మందు అదే, పేరూ అదే. తేడా పేషెంట్‌లో ఉంది, కానీ ఆ తేడాకి ఇంకా పేరు లేదు.

1827లో లండన్ గైస్ హాస్పిటల్‌లో రిచర్డ్ బ్రైట్ ఆ పేరు వెతికాడు. డ్రాప్సీ పేషెంట్ మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మీద పెడితే, కొందరిది గుడ్డు తెల్లసొన లాగా గడ్డకట్టేది. వాళ్లు చనిపోయాక కోసి చూస్తే కిడ్నీలు పాడై ఉండేవి. అంటే ఈ నీరు కిడ్నీది. మరి మిగతావి? గుండెవి, కాలేయానివి. ఒక్క డ్రాప్సీ మూడు నాలుగు జబ్బులుగా విడిపోయింది. ఒక చెంచా, ఒక కొవ్వొత్తి, అంతే సామాను!

ఆ తర్వాత లెక్కల వాళ్ల వంతు. 1839లో ఇంగ్లండ్ జననమరణాల ఆఫీసులో విలియమ్ ఫార్ తన రిపోర్ట్‌లో మొత్తుకున్నాడు: ఒకే జబ్బుకి మూడు నాలుగు పేర్లు, ఒకే పేరు ఎన్నో జబ్బులకి, అసలు జబ్బు వదిలేసి దాని వల్ల వచ్చినదాన్ని రాస్తున్నారు అని. భౌతికశాస్త్రానికి తూనికలు కొలతలు ఎంతో, ఇక్కడ పేర్లు అంత అన్నాడు. మా నాయనమ్మ కాగితం ఆయన చూస్తే ఏమనేవాడో!

1893లో పారిస్‌కి చెందిన జాక్ బెర్టియోన్ చికాగోలో ఒక అంతర్జాతీయ జాబితా పెట్టాడు. నేరస్తుల శరీరం కొలతలు తీసి గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టింది ఈయన తమ్ముడో అన్నో, అల్ఫోన్స్. ఇంట్లో ఇద్దరికీ వర్గీకరణ పిచ్చే. 1900లో పారిస్ సమావేశంలో 26 దేశాల వాళ్లు కూర్చుని 179 గ్రూపుల జాబితా ఒప్పుకున్నారు. 1948లో ఆరో సవరణ నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చింది, చావులతో పాటు జబ్బులూ చేరాయి. అమెరికా దాన్నే సాగదీసి 2015 అక్టోబర్ 1 నుంచి వాడే వెర్షన్‌లో కోడ్‌లు సుమారు 70 వేలు.

ఎందుకన్ని? కొంత వైద్యం, కొంత డబ్బు. 1983 నుంచి అక్కడి మెడికేర్ ఆసుపత్రికి జబ్బు గ్రూపుని బట్టి కడుతుంది. హార్ట్ ఫెయిల్యూర్ ముందు "అక్యూట్" అని ఉందా, "క్రానిక్" అని ఉందా అన్నదాన్ని బట్టి బిల్లు మారొచ్చు. అందుకే డాక్టర్ల నోట్స్ సరిచేయించడానికే ప్రత్యేకంగా మనుషులున్నారు. డబ్బు కోసం పెద్ద పదం రాయించే ప్రమాదం లేదా? ఉంది. గ్రాంట్ కాలం బీరు గ్లాసు ఇంకో రూపంలో అనుకోండి. అయినా నేను దీని పక్షమే, ఎందుకంటే రెండో వైపు ఏముందో మా ఇంట్లో చూశాను.

ఇంటికొచ్చాక నాయనమ్మని ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మొదటి పేజీ చదివాడు, కాళ్ల వాపుకి మందు రాశాడు. పేజీ తిప్పలేదు. మేమూ తిప్పమనలేదు. తొమ్మిదో రాత్రి ఆయాసం ఎక్కువై లేచి కూర్చుంది, పడుకోలేనంది. మళ్లీ ఆసుపత్రి, ఈసారి వేరేది.

అక్కడి డ్యూటీ డాక్టర్ ఎకో చూసి రెండు లైన్లు రాసింది, గుండె వైఫల్యం, ఏ రకం, ఎప్పటి నుంచి అనిపిస్తోంది అని. నాయనమ్మ ఇప్పుడు ఇంట్లోనే ఉంది, ఉప్పు తగ్గించామని రోజూ మా మీద కోపం. ఆ కొత్త కాగితం అక్క ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంది. "దీనికైతే ఐ50 కింద వేస్తా. వాపుకి విడిగా కోడ్ అక్కర్లేదు, అది ఇందులోనే ఉంటుంది" అంది.