జననాంగ హెర్పిస్

జననాంగ హెర్పిస్ లైంగిక సంపర్కం ద్వారా సోకే వైరస్ వ్యాధి. దీనికి మూలమైన హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లో రెండు రకాలున్నాయి. మొదటి రకం వల్ల సాధారణంగా పెదాల మీద పొక్కులు వస్తాయి, ముఖరతి వల్ల అది జననాంగాలకూ చేరుతుంది. రెండో రకం దాదాపుగా లైంగిక సంపర్కంతోనే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనా ప్రకారం 15-49 ఏళ్ల వారిలో సుమారు 52 కోట్ల మందికి రెండో రకం ఉంది. వీరిలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

మన పల్లెల్లో అక్కి అని పిలిచే పొక్కుల జబ్బు వేరు. ఆటలమ్మ తగ్గాక ఒంట్లో మిగిలిన వైరస్ ఏళ్ల తర్వాత మేల్కొంటే అక్కి వస్తుంది. దానికీ లైంగిక సంపర్కానికీ సంబంధం లేదు.

వైరస్ సోకిన 2 నుంచి 12 రోజుల్లో లక్షణాలు మొదలుకావచ్చు. ముందు దురద, చురుకు, ఆపై ఎర్రబారిన చర్మం మీద గుంపుగా చిన్న నీటిపొక్కులు. అవి చితికి పచ్చిపుండ్లవుతాయి. మూత్రం తగిలితే భగ్గున మండుతుంది. గజ్జల్లో బిళ్లలు కడతాయి, కొందరికి జ్వరం, ఒళ్లునొప్పులు కూడా. మొదటిసారి మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.

పుండు మానినా వైరస్ పోదు. నరాల వెంట పాకి, వెన్ను అడుగుభాగాన ఉన్న నాడీకణాల్లో దాక్కుంటుంది. జ్వరం, మానసిక ఒత్తిడి, నెలసరి వంటివి దాన్ని మళ్లీ రేపవచ్చు. తర్వాతి విడతలు తేలిగ్గా ఉంటాయి, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతాయి. పొక్కులు లేని రోజుల్లోనూ చర్మం నుంచి వైరస్ వెలువడుతూ ఉంటుంది, చాలామందికి అంటుకునేది అలాగే. అందుకే ఇవాళ పుండు కనిపించిందంటే నిన్న సోకిందని కాదు. పెళ్లికి ముందెప్పుడో సోకినది ఏళ్లకు బయటపడవచ్చు. పొక్కు చూసి భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకోవడం అన్యాయం.

తాజా పుండు నుంచి తీసిన స్రావంపై చేసే పీసీఆర్ పరీక్ష అన్నిటికన్నా నమ్మదగినది. రక్తంలో యాంటీబాడీలుంటే వైరస్ సోకిందని తెలుస్తుంది, ఎప్పుడు, ఎవరి నుంచి అన్నది తేలదు. యాంటీబాడీల్లో ఐజీఎం అనే రకాన్ని చూసే పరీక్షను నమ్ముకోకూడదు.

ప్రధాన మందు అసైక్లోవిర్. శాస్త్రవేత్త గెర్ట్రూడ్ ఎలియన్ బృందం కృషితో వచ్చిన మందు ఇది, ఆమె 1988లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. వైరస్ సొంత ఎంజైమే ఈ మందును క్రియాశీలం చేస్తుంది కాబట్టి ఆరోగ్యకరమైన కణాలకు హాని తక్కువ. ఇది నరాల్లో దాగిన వైరస్‌ను తుడిచిపెట్టదు గానీ పుండ్లను త్వరగా మాన్పుతుంది. వాలాసైక్లోవిర్ రోజూ వాడితే భాగస్వామికి సోకే ముప్పు దాదాపు సగం తగ్గుతుంది. కండోమ్ ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా ఆపలేదు. టీకా ఇంకా లేదు.

రెండో రకం ఉన్నవారికి హెచ్ఐవీ సోకే అవకాశం సుమారు మూడు రెట్లు. గర్భిణికి చివరి నెలల్లో కొత్తగా సోకితే బిడ్డకు ప్రాణాపాయం కావచ్చు. కాన్పు సమయానికి పుండ్లుంటే వైద్యులు సిజేరియన్ చేస్తారు. కాబట్టి తనకు గానీ భర్తకు గానీ ఎప్పుడైనా ఇలాంటి పొక్కులు వచ్చి ఉంటే గర్భిణి ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి. ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్షా క్లినిక్‌లలో దీనికి మందులు ఉచితం.