ఇంగ్లండులో వార్డుల గట్టు తగాదా

పొలం గట్టు జానెడు జరిగితే అన్నదమ్ములు కోర్టుకెక్కడం మనకు తెలిసిన కథే. ఇంగ్లండులో అంత పట్టుదలా వార్డు హద్దు దగ్గర కనిపిస్తుంది. వీధికి ఈవలి ఇళ్లు ఒక వార్డులో, ఆవలి ఇళ్లు పక్క వార్డులో పడ్డాయంటే ఉత్తరాలు బయల్దేరతాయి, సంతకాలు పోగవుతాయి. ఈ తగాదాలు తీర్చడానికే అక్కడ లోకల్ గవర్నమెంట్ బౌండరీ కమిషన్ ఉంది. ప్రతి కౌన్సిల్ విషయంలోనూ అది ముఖ్యంగా తేల్చేవి రెండు సంగతులు: మొత్తం కౌన్సిలర్లు ఎందరు, ఏ వార్డు హద్దు ఎక్కడ. రెండోదాన్ని తేల్చడంలో ఇంగ్లండు దాదాపు రెండు వందల ఏళ్లుగా చేయి తిప్పుకుంది. మొదటిదానికి మాత్రం నేటికీ సూత్రం లేదు. అసలు కథంతా ఆ మొదటిదాంట్లోనే ఉందని నా అనుమానం.

వార్డు అన్న మాట మన నోళ్లలో ఎంతగా నలిగిందంటే, అది పరాయి మాటని ఎవరికీ తట్టదు. 1882లో లార్డ్ రిప్పన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం నాటికే ఆ మాట వెనక ఇంగ్లండులో యాభై ఏళ్ల గొడవ ఉంది. అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

1835కు ముందు ఇంగ్లండు పట్టణాల కార్పొరేషన్లు చాలావరకు తమను తామే ఎన్నుకునే బృందాలు. ఒకాయన పోతే మిగిలినవాళ్లు తమకు నచ్చిన మరొకాయన్ని కూర్చోబెట్టేవారు. పార్లమెంటు సంగతీ అంతే. పాడుబడ్డ దిబ్బ ఓల్డ్ సారంకు 1831లో 11 మంది ఓటర్లు, ఇద్దరు ఎంపీలు. మిల్లులతో కిటకిటలాడే మాంచెస్టర్‌కు ఒక్కరూ లేరు. 1832 సంస్కరణ చట్టంతో పార్లమెంటు సంగతి కొంత చక్కబడ్డాక, కన్ను పట్టణాల మీద పడింది. 1833లో వేసిన విచారణ సంఘానికి బర్మింగ్‌హామ్ వకీలు జోసెఫ్ పార్క్స్ కార్యదర్శి. ఆ విచారణ ఫలితమే 1835 మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం. 178 పట్టణాల్లో పన్ను కట్టే మగవాళ్లకు ఓటు వచ్చింది. కౌన్సిలర్ల పదవి మూడేళ్లు, ఏటా మూడో వంతు మంది దిగిపోవాలి.

ఇక్కడే లార్డ్స్ సభ చేయి పెట్టింది. ఓటర్లు నేరుగా ఎన్నుకునే సభ మీద ఆ ప్రభువులకు నమ్మకం లేదు. అందుకని కౌన్సిలర్లే ఎన్నుకునే ఆల్డర్మన్లను ఆరేళ్ల పదవితో చొప్పించారు. ముగ్గురు కౌన్సిలర్లకు ఒక ఆల్డర్మన్ లెక్క. 6,000 జనాభా దాటిన పట్టణాలను వార్డులుగా విడగొట్టాలన్నారు. ఆ విభజనకు పెట్టిన కొలబద్దలోనే ఉంది కిటుకు. ఏ వార్డుకు ఎందరు కౌన్సిలర్లన్నది పన్ను కట్టేవాళ్ల తలలతో పాటు, వాళ్ల ఆస్తులకు కట్టిన పన్ను విలువ మొత్తాన్నీ చూసి తేల్చాలి. అంటే మేడలున్న వీధుల్లో మనుషులు తక్కువైనా ప్రాతినిధ్యం తగ్గదు. వార్డు పుట్టుకలో సమానత్వం కంటే ఆస్తి కాపలాయే ఎక్కువని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఒక్క మెచ్చుకోలు మాత్రం దక్కాలి: ఏ పట్టణానికి ఎందరు కౌన్సిలర్లో ఆ చట్టమే అనుబంధంలో అంకెలు వేసి మరీ చెప్పింది.

1838లో బర్మింగ్‌హామ్‌కు కార్పొరేషన్ హోదా వచ్చింది. 13 వార్డులు, 48 మంది కౌన్సిలర్లు, 16 మంది ఆల్డర్మన్లు. అప్పటి వార్డు పేర్లలో చర్చిల పేర్లే ఎక్కువ. వాటిలో ఒకటైన సెయింట్ పాల్స్ వార్డు నుంచే 1869లో జోసెఫ్ ఛాంబర్లెయిన్ కౌన్సిల్‌లో అడుగుపెట్టి, నాలుగేళ్లకు మేయరై, ఊరి గ్యాసునూ నీళ్లనూ కార్పొరేషన్ చేతికి తెచ్చాడు. ఊళ్లు ఉబ్బుతున్నా గీతలు మాత్రం అంత తొందరగా కదలలేదు. ఇంగ్లండు 1882 మునిసిపల్ చట్టం ప్రకారం వార్డులు మార్చాలంటే కౌన్సిల్‌లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుని రాణికి అర్జీ పెట్టుకోవాలి. గట్టు జరిగితే నష్టపోయేవాడి సంతకమే ముందు కావాలన్నమాట.

ఆ తర్వాతి తొంభై ఏళ్లనూ తొందరగా దాటేయొచ్చు. 1888 చట్టంతో కౌంటీ కౌన్సిళ్లు, 1894 చట్టంతో జిల్లా, గ్రామస్థాయి పారిష్ కౌన్సిళ్లు వచ్చాయి. 1945లో హద్దుల కోసం ఒక కమిషన్ వేసి 1949లో మూసేశారు. 1958లో ఇంకొకటి పెట్టి 1967లో దాన్నీ ఇంటికి పంపారు. 1965 ఏప్రిల్‌లో లండన్‌లో 32 బరోలు ఏర్పడ్డాయి. ప్రతి ప్రభుత్వానికీ పటం మీద చేయి పెట్టాలనే ఉంటుంది, తీరా వేలు కాలేసరికి వెనక్కి తీసుకుంటుంది.

అసలు మలుపు 1972 స్థానిక ప్రభుత్వ చట్టం. 1974 ఏప్రిల్ 1న అది అమల్లోకి వచ్చేసరికి లండన్ బయట 36 మెట్రోపాలిటన్ జిల్లాలు, 296 మామూలు జిల్లాలు మిగిలాయి. అంతకు ముందున్న వందలాది చిన్న కౌన్సిళ్లు వాటిలో కలిసిపోయాయి. లార్డ్స్ చొప్పించిన ఆల్డర్మన్లు 139 ఏళ్ల తర్వాత దిగిపోయారు. చట్టం అనుబంధంలో ఒక నియమం చేరింది: ఒక కౌన్సిల్‌లోని ప్రతి వార్డులోనూ కౌన్సిలరుకు ఇంతమంది ఓటర్లన్న నిష్పత్తి వీలైనంత వరకు ఒకేలా ఉండాలి, రాబోయే అయిదేళ్ల మార్పునూ లెక్కలోకి తీసుకోవాలి. పన్ను విలువ పక్కకు పోయింది, తల మిగిలింది. ఈ పనికి శాశ్వత కమిషన్ కూడా వచ్చింది. అది 1992లో ఒక పేరు, 2002లో మరో గొడుగు మార్చుకుని, 2010 ఏప్రిల్ నుంచి ప్రభుత్వానికి కాక పార్లమెంటుకు జవాబు చెప్పుకునే సంస్థగా నిలబడింది.

గీత గీసే పని పాలకుల చేతిలో ఉంటే ఏమవుతుందో చూడాలంటే సముద్రం దాటి ఉత్తర ఐర్లండులోని డెరీకి వెళ్లాలి. ఆ ఊళ్లో కాథలిక్కు ఓటర్లే ఎక్కువ. అయినా 1936లో మూడు వార్డులుగా చేసిన విభజన పుణ్యమా అని కౌన్సిల్‌లో ఏళ్ల తరబడి ప్రొటెస్టెంట్ల పక్షమైన యూనియనిస్టులు 12, కాథలిక్కుల పక్షమైన నేషనలిస్టులు 8. కాథలిక్కులను చాలావరకు ఒకే వార్డులో కుక్కి, మిగతా రెండింటినీ తేలిగ్గా గెలిచారు. 1968లో అక్కడి వీధుల్లో రాజుకున్న పౌరహక్కుల మంటకు ఇదీ ఒక పుల్ల అని మరుసటి ఏడాది కేమరన్ విచారణ నివేదిక తేల్చింది.

సరే, గీతను స్వతంత్ర కమిషన్‌కు అప్పగిస్తే బెడద తీరినట్టేనా? లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ దీనికి జవాబు చెబుతుంది. 1986 ఎన్నికల్లో అక్కడి కన్సర్వేటివ్‌ల ఆధిక్యం 26 నుంచి 4కు పడిపోయింది. గీత జరిపే అధికారం కౌన్సిల్ నాయకురాలు షర్లీ పోర్టర్‌కు లేదు. అయితే గీత లోపలి మనుషులను జరపొచ్చు కదా. తక్కువ తేడాతో ఊగిసలాడే ఎనిమిది వార్డుల్లో ఖాళీ అయిన కౌన్సిల్ ఇళ్లను పేదలకు అద్దెకివ్వకుండా అమ్మకానికి పెట్టారు. కొనుక్కున్నవాళ్లు తమకే ఓటేస్తారని లెక్క. 1990లో పార్టీ ఘనంగా గెలిచింది కూడా. అధికారాన్ని పార్టీ లాభానికి వాడుకోవడం చట్టవిరుద్ధమని లార్డ్స్ న్యాయమూర్తులు తేల్చేసరికి 2001 డిసెంబరు వచ్చింది. చివరికి 2004లో ఆమె 1.23 కోట్ల పౌండ్లు కట్టి రాజీ చేసుకుంది. హద్దు రాయి కదల్చకుండానే పొలం మార్చేసిన ఘనత ఇది.

ఇప్పటి పద్ధతిని కాస్త దగ్గరగా చూద్దాం. కమిషన్ నివేదిక వెనక ఒక పట్టిక ఉంటుంది: వార్డు పేరు, కౌన్సిలర్లు, ఓటర్లు, కౌన్సిలరుకు ఎందరు, సగటుతో తేడా ఎంత శాతం. అదే లెక్క అయిదేళ్ల తర్వాతి అంచనాతో మళ్లీ. ఒక ఊళ్లో 90,000 మంది ఓటర్లు, 45 మంది కౌన్సిలర్లు అనుకుందాం. తలకు 2,000. ఇద్దరు కౌన్సిలర్ల వార్డులో 4,000 మంది ఉండాలి. రైల్వే స్టేషను పక్కన కొత్త అపార్టుమెంట్లు లేచి 4,600 మంది అయ్యారంటే తేడా 15 శాతం. ఇలా 10 శాతం దాటిన వార్డులు మొత్తంలో 30 శాతానికి పైబడినా, ఒక్క వార్డే 30 శాతం దాటినా ఆ కౌన్సిల్ సమీక్ష వరసలోకి వస్తుంది.

అప్పుడు ఆ 600 మందిని ఎటు తోయాలి? చట్టం చూడమన్నవి ఓటర్ల సమానత్వం, జనం తమదనుకునే ప్రాంతం, పాలనకు సౌలభ్యం. మొదటిది కాలిక్యులేటరుకు అందుతుంది, రెండోది అందదు. మా పిల్లల బడి ఇటువైపు, మేం ఎక్కే బస్సు ఇటువైపు, రైలు కట్ట దాటి అటు మాకు పనేముంటుంది అని జనం రాసేది అందుకే. పోనీ ఒక పారిష్‌ను మధ్యకు చీలిస్తే, ఆ పారిష్ కౌన్సిల్‌ను కూడా ఆ మేరకు వార్డులు చేయాలి. ముసాయిదా, అభ్యంతరాలు, తుది సిఫారసు అన్నీ అయ్యాక ఉత్తర్వు పార్లమెంటు ముందుకు వెళుతుంది. సభ కాదనొచ్చు గానీ ఒక్క వీధిని కూడా అటూ ఇటూ మార్చలేదు. ఆ వార్డులే తర్వాత పార్లమెంటు నియోజకవర్గాలు కట్టడానికి ఇటుకలవుతాయి కాబట్టి పార్టీల కళ్లన్నీ వాటి మీదే.

లెక్కించేది ఓటర్లను, జనాభాను కాదు. మనవాళ్లకు సంబంధమున్న సంగతి ఇదే. కామన్వెల్త్ దేశాల పౌరులు బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటే చాలు, ఓటరుగా నమోదు కావచ్చు. గుంటూరు నుంచి స్లౌ పట్టణానికి ఉద్యోగానికి వెళ్లిన కుర్రాడు బ్రిటిష్ పాస్‌పోర్టు రాకముందే వార్డు లెక్కలో ఒక తల. స్లౌకు 2023 నుంచి 21 వార్డులు, వార్డుకు ఇద్దరు చొప్పున 42 మంది కౌన్సిలర్లు. ఆ కుర్రాడూ, అతని ఇంట్లో అద్దెకున్న ముగ్గురు మిత్రులూ ఫారం నింపకపోతే ఆ గీతలు గీసేవాళ్లకు ఆ ఇల్లు ఖాళీ ఇల్లే. అద్దె ఇళ్లూ వలస జనమూ ఎక్కువున్న వీధులకు ఇలాగే కోత పడుతుంది. ఈ సమానత్వంలో నాకు నచ్చని భాగం ఇది.

ఇక ఆ మొదటి ప్రశ్న: మొత్తం కౌన్సిలర్లు ఎందరు? సమీక్ష మొదలయ్యేదే దాంతో. మన మునిసిపల్ చట్టాల్లో జనాభా ఇంతుంటే వార్డులు ఇన్ని అని రాసి ఉంటుంది. ఇంగ్లండులో అలాంటి పట్టీ లేదు. తమకు ఎందరు కావాలో కౌన్సిలే వాదన రాసిస్తుంది: కమిటీలు ఎన్ని, పర్యవేక్షణ ఎలా, ఒక్కో కౌన్సిలరుకు వార్డులో పనెంత. కమిషన్ దాన్ని తూచి ఒక అంకె వేస్తుంది. ఆ అంకె ఈమధ్య ఎక్కువగా కిందికే పోతోంది.

మళ్లీ బర్మింగ్‌హామ్‌కే వద్దాం. 1841లో ఆ ఊరి జనం సుమారు 1,80,000, కౌన్సిలర్లు 48. అందరికీ ఓటు లేదన్నది నిజమే అయినా, తలలు లెక్కపెడితే దాదాపు 3,800 మందికి ఒకరు. 2011 జనగణనలో 10,73,045 మంది. 40 వార్డుల్లో ముగ్గురు చొప్పున 120 మంది కౌన్సిలర్లు, అంటే సుమారు 8,900 మందికి ఒకరు. 2014 డిసెంబరులో ప్రభుత్వం కోరిన సర్ బాబ్ కెర్‌స్లేక్ నివేదిక కౌన్సిల్ పనితీరును తూర్పారబట్టి, ఏటా మూడో వంతు ఎన్నికలు మానుకోమంది, హద్దులు సమీక్షించమంది. 2018కి 69 వార్డులు, 101 మంది కౌన్సిలర్లు అయ్యారు. వాటిలో 37 వార్డులకు ఒక్కొక్కరే. 2011 జనాభాతోనే చూసినా 10,600 మందికి ఒకరు.  2023 సెప్టెంబరులో ఆ కౌన్సిల్ ఖజానా చేతులెత్తేసి, కొత్త ఖర్చులు ఆపే 114 నోటీసు ఇచ్చింది. దానికి కారణాలు వేరు. కానీ కౌన్సిలర్లను తగ్గిస్తే పాలన చక్కబడుతుందని నమ్మినవాళ్లు ఆ రోజు ఏమనుకున్నారో అడగాలనిపిస్తుంది.

కార్న్‌వాల్ 123 నుంచి 87కు, డరమ్ కౌంటీ 126 నుంచి 98కి దిగాయి. గీతలు ఎంత సమంగా గీశారో చూడండి అంటుంది ప్రతి నివేదికా. నిజమే, పంపకం తూచినట్టే ఉంది. ఒక్కొక్కరి వాటాకు వచ్చే కౌన్సిలరే చిక్కిపోతున్నాడు.

ఈ లెక్కలేవీ అంటని చోటు లండన్ నడిబొడ్డున ఉంది. 1835 చట్టం సిటీ ఆఫ్ లండన్ జోలికి పోలేదు. బ్రెడ్ స్ట్రీట్, క్యాండిల్‌విక్, పోర్ట్‌సోకెన్ లాంటి పాత పేర్లతో ఇప్పటికీ 25 వార్డులు, 25 మంది ఆల్డర్మన్లు, 100 మంది కౌన్సిల్ సభ్యులు. మిగతా దేశంలో 1969లో రద్దయిన, వ్యాపార స్థలం ఉన్నందుకు వచ్చే ఓటు అక్కడ బతికే ఉంది. ఆస్తికి ఓటున్న కాలం ఎలా ఉండేదో చూడాలంటే టికెట్టు కొనక్కర్లేదు, మెట్రో రైలు దిగితే చాలు.

2024 డిసెంబరులో బ్రిటిష్ ప్రభుత్వ శ్వేతపత్రం కౌంటీ, జిల్లా అనే రెండంచెల కౌన్సిళ్లను తీసేసి ఒకే అంచెగా కలపాలంది. 1974లో పుట్టిన జిల్లాలు ఒక్కొక్కటే మూటాముల్లే సర్దుకుంటున్నాయి. తొందర విలీనాల్లో గీతలు గీసే తీరిక ఎవరికీ ఉండదు. 2020లో బకింగ్‌హామ్‌షైర్‌లో కౌంటీనీ నాలుగు జిల్లాలనూ కలిపినప్పుడు కౌంటీ పాత డివిజన్లు 49నే వార్డులన్నారు, ఒక్కోదానికి ముగ్గుర్ని కూర్చోబెట్టారు. మొత్తం 147 మంది. కమిషన్ వచ్చి లెక్కలు వేసి వెళ్లాక, 2025 మేలో అక్కడ ఎన్నికైనవాళ్లు 97 మంది.