జోడీ పేరు, ఔరతుల ఓటు

2024 జూలై 15న డొనాల్డ్ ట్రంప్ తన జోడీగా జె.డి. వాన్స్ పేరు ప్రకటించాడు. ఆ వారమంతా మా ఉండి సెంటర్లో చాయ్ దగ్గర ఒకటే మాట. వాన్స్ బేగం ఉషా చిలుకూరి పూర్వీకులది తణుకు దగ్గర వడ్లూరు. "మన ఆడపడుచు పక్కనుంది, ఇక అక్కడి ఆడాళ్ళ ఓట్లన్నీ వాళ్ళకే" అన్నాడో పెద్దాయన. అందరూ తలూపారు. రొయ్యల షెడ్డులో పని ముగించుకుని నలుగురు ఔరతులు మా ముందు నుంచే ఆటో ఎక్కారు. వాళ్ళనెవరూ అడగలేదు.

అమెరికాలో సదర్, నాయబ్ సదర్ ఇద్దరి పేర్లూ ఒకే టికెట్టు మీద ఉంటాయి. ఒకరికి వేసి మరొకరికి మానడం కుదరదు. ఆ రెండో పేరుతో ఖవాతీన్ ఓట్లు రాబట్టాలనే తర్కీబ్ కొత్తదేం కాదు.

1984లో వాల్టర్ మాండేల్ జెరాల్డిన్ ఫెరారోను ఎంచుకున్నాడు. పెద్ద పార్టీ టికెట్టు మీద నిలిచిన తొలి ఔరత్ ఆమె. సభల్లో ఎంతో జోష్ కనిపించింది. తీరా లెక్కపెడితే రీగన్ 49 రాష్ట్రాలు గెలిచాడు. ఆడవాళ్ళలోనూ ఎక్కువమంది అతనికే వేశారు.

2008లో ఒబామా చేతిలో హిల్లరీ ఓడాక, ఆమె అభిమానుల నారాజ్ తనకు కలిసొస్తుందని మెక్‌కెయిన్ ఆశపడ్డాడు. సారా పాలిన్‌ను తెచ్చాడు. కానీ గర్భస్రావం హక్కు దగ్గర హిల్లరీది ఒక దారి, పాలిన్‌ది దానికి ఎదురుదారి. ఔరత్ బదులు ఔరత్ అనుకోవడమే అక్కడ గలత్‌ఫహమీ. ఎగ్జిట్ పోల్ ప్రకారం మహిళల్లో 56 శాతం ఒబామాకే వేశారు.

2020లో కమలా హారిస్ ఉన్న టికెట్టుకు మహిళల్లో 57 శాతం దక్కింది. అయితే వాళ్ళ మొగ్గు ఎన్నో ఏళ్ళుగా ఆ పార్టీ వైపే ఉంది. ఆ గెలుపంతా ఒక్క పేరు ఖాతాలో రాస్తే హిసాబ్ తప్పుతుంది.

దూరం దేనికి, మన తారీఖే చూద్దాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద జంగ్ మొదలుపెట్టారు. 1993 అక్టోబర్ 1న కోట్ల విజయభాస్కరరెడ్డి హుకూమత్ సారాను బంద్ చేసింది. బ్రాందీ షాపులు మాత్రం మిగిలాయి. సంపూర్ణ మద్యనిషేధం తెస్తానని 1994లో ఎన్టీఆర్ వాదా చేశాడు. 294 సీట్లలో 216 తెలుగుదేశానివే. ఆయన జోడీ ఎవరని ఎవరూ అడగలేదు.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. అబ్బా చెప్పిన గుర్తు ఒకటి, అమ్మీ వేసిన గుర్తు ఇంకొకటి. ఈ సంగతి ఆమె నాకు చెప్పింది మొన్నమొన్ననే. ఎందుకలా వేశావంటే, "పక్కింట్లో రాత్రిపూట గిన్నెల చప్పుడు ఆగాలని, బేటా" అంది. 1995 జనవరి 16న నిషేధం అమలైంది. కొన్నాళ్ళు ఆ ఇల్లు నిమ్మళంగా ఉందట. 1997లో నిషేధం సడలింది. చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఇక 2024. పిల్లల్లేని ఆడవాళ్ళను ఎద్దేవా చేస్తూ వాన్స్ 2021లో అన్న మాట మళ్ళీ పైకొచ్చింది. ట్రంప్ గెలిచాడు గానీ, ఎగ్జిట్ పోల్‌లో మహిళల్లో 53 శాతం హారిస్ వైపే ఉన్నారు. వడ్లూరు పేరుతో ఉండి పెద్దాయన ఇచ్చిన ఓట్లు అక్కడ పడలేదు.

ఆయన్నొక్కడినే అని లాభం లేదు. ఇరవై ఏళ్ళుగా ఇంతెఖాబాత్ వార్తలు రాస్తున్నా. ఆ రోజు కలం, కాగితం నా జేబులోనే ఉన్నాయి. ఆటో పది అడుగుల దూరంలో ఆగి ఉంది. నేనూ అడగలేదు.