చక్రానికేం తెలుసు?

ఫలితాల రోజున అడిక్‌మెట్ నెట్ సెంటర్లలో మాట ఒకటే: "అన్నా, ఇంకా తిరుగుతనే ఉంది." హాల్‌టికెట్ నంబరు కొట్టి బటన్ నొక్కగానే తెర మధ్యన చక్రం ఒకటి ప్రత్యక్షమవుతుంది. ఉస్మానియా హాస్టళ్ల కుర్రాళ్లూ, తార్నాక నుంచి పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులూ దానికేసే చూస్తుంటారు. ఫలితం సగం దూరం వచ్చిందో, అసలు బయల్దేరిందో లేదో ఆ చక్రానికి తెలియదు. నెట్ సెంటర్ అన్న మాత్రం దాన్ని నమ్మడు. రౌటర్ లైటు కొట్టుకుంటోందా లేదా అని చూస్తాడు.

ఈ చక్రం పూర్వీకులు ఇంతకంటే నిజాయితీపరులు. 1985లో టొరంటో యూనివర్సిటీ విద్యార్థి బ్రాడ్ మయర్స్, పని ఎంత శాతం అయిందో చూపే పట్టీ మీద ఒక పరిశోధన పత్రం సమర్పించాడు. తోటి విద్యార్థులు 48 మందితో, పట్టీ ఉంచి ఒకసారీ తీసేసి ఒకసారీ, కంప్యూటర్లో వెతుకులాట చేయించాడు. 86 శాతం మంది పట్టీయే బాగుందన్నారు. పట్టీ లెక్క కొంచెం అటూఇటూ అయినా జనం పెద్దగా పట్టించుకోరని కూడా ఆయన గమనించాడు. తర్వాత జరిగిన కథంతా ఈ గమనికలోనే ఉందని నా అనుమానం.

శాతం లెక్కకట్టలేని చోట బొమ్మ పెట్టారు. 1984 నాటి మెకింతోష్‌లో సూజన్ కేర్ గీసిన చేతి గడియారం ఉండేది. విండోస్‌లో ఇసుక గడియారం. విస్టా వచ్చాక 2007లో దాని స్థానంలో నీలి వలయం వచ్చింది. బ్రౌజర్ల కాలానికి బొమ్మ కదలడం నేర్చింది: మొజాయిక్‌కు మూలన తిరిగే భూగోళం, నెట్‌స్కేప్‌కు ఎన్ అక్షరం. అయితే నెట్‌స్కేప్ అడుగున ఎన్ని కిలోబైట్లలో ఎంత శాతం వచ్చిందో, ఎంత వేగంతో వస్తోందో అంకెల్లో చెప్పేది. పైన బొమ్మ, కింద లెక్క.

అప్పట్లో వెబ్‌సైటే సొంతంగా బొమ్మ తిప్పాలంటే జిఫ్ అనే బొమ్మ ఫైలు కావాలి. 1987లో కంప్యూసర్వ్‌లో స్టీవ్ విల్‌హైట్ బృందం దాన్ని తయారుచేసింది. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఎంతసేపు ఆగాలో చెప్పే వీలు 1989లో చేరింది. ఆగకుండా మళ్లీ మళ్లీ తిరిగే గుణం మాత్రం నెట్‌స్కేప్ 2.0 చలవ. పనిముట్టు అలా సిద్ధమైంది కానీ, దాని అవసరం పదేళ్ల దాకా పెద్దగా రాలేదు. బటన్ నొక్కితే పేజీ మొత్తం మారిపోయేది. ఎదురుచూపు సంగతి బ్రౌజరే చూసుకునేది.

2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ 'అజాక్స్' అని పేరు పెట్టిన పద్ధతి దీన్ని తలకిందులు చేసింది. పేజీ కదలదు, వెనకాల సమాచారం వచ్చి పడుతుంది. నొక్కినవాడికి నొక్కానో లేదో తెలియదు, ఇంకోసారి నొక్కుతాడు, ఫారం రెండుసార్లు వెళ్తుంది. అందుకని ఎవరి పేజీలో వాళ్లు చక్రం పెట్టుకోవాల్సి వచ్చింది. విన్నపం పంపేముందు దాచిన బొమ్మను చూపించాలి, జవాబు రాగానే మళ్లీ దాచాలి. అంతే కోడ్.

జిఫ్‌లో సగం పారదర్శకత ఉండదు కాబట్టి అంచులు గరుకుగా కనిపించేవి. బ్రౌజర్లలో సీఎస్‌ఎస్ యానిమేషన్ వచ్చాక బొమ్మతోనే పని తప్పింది. ఒక చిన్న పెట్టె, గుండ్రటి అంచు, ఆ అంచులో ఒక వైపు వేరే రంగు, అంతులేకుండా 360 డిగ్రీల తిప్పుడు. నున్నగా తిరుగుతుంది. ఈ తిప్పుడును బ్రౌజర్ చాలాసార్లు వేరే దారిలో నడుపుతుంది కనుక పేజీలోని కోడ్ మొత్తం బిగుసుకుపోయినా చక్రం ఆగదు! ఇక కోడ్ రాసినవాడు జవాబు వచ్చినప్పుడే బొమ్మను దాచి, తప్పు జరిగినప్పటి సంగతి మరిచాడంటే, సర్వర్ ఎప్పుడో చేతులెత్తేసినా ఇక్కడ తిరుగుతూనే ఉంటుంది. ఫలితాల రోజు చూసే అనంత చక్రాల్లో ఈ రకానివి తక్కువేమీ కావు.

తర్వాత వచ్చినవి మరీ తెలివైనవి. 2010లో క్రిస్ హారిసన్, ఆయన సహచరులు పట్టీ మీది చారలను వెనక్కి పాకిస్తే అదే సమయం 11 శాతం తక్కువగా అనిపిస్తుందని చూపించారు. 2013లో ల్యూక్ రాబ్లెస్కీ అక్షరాలు రాబోయే చోట బూడిదరంగు గళ్లు పెట్టే 'స్కెలిటన్' తెరను ప్రచారంలోకి తెచ్చారు. వార్తల పేజీకి అది బాగానే ఉంటుంది. ఫీజు కట్టే పేజీకి గళ్లెందుకు?

పది సెకన్లు దాటితే మనిషి ధ్యాస పక్కకు పోతుందని, అప్పుడు ఎంత అయిందో చెప్పి తీరాలని జాకబ్ నీల్సన్ 1993లోనే రాశాడు. శాతం చెప్పలేకపోతే, గడువు దాటగానే చక్రాన్ని ఆపి "సర్వర్ జవాబివ్వలేదు, మళ్లీ కట్టేముందు మీ ఫీజు చేరిందో లేదో ఇక్కడ చూసుకోండి" అని లింకుతో సహా చూపించవచ్చు. దానికి పట్టేది నాలుగైదు లైన్లు, చక్రం తిప్పడానికి పట్టేదానికంటే ఎక్కువేమీ కాదు.