సైక్లోక్రాస్ టైర్లలో గాలి: బరువైన రైడర్లకు

సైక్లోక్రాస్ చలికాలపు సైకిల్ పందెం. రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల చుట్టుదారిలో బురద, పచ్చిక, ఇసుక, వాలుగట్లు దాటుకుంటూ సుమారు గంటసేపు సాగుతుంది. దిగి సైకిల్‌ను భుజాన వేసుకుని పరుగెత్తాల్సిన చోట్లు కూడా ఉంటాయి. సైకిల్‌కు షాక్ అబ్జార్బర్లు ఉండవు కాబట్టి గతుకులను మింగే పని, నేలను పట్టుకునే పని రెండూ టైరులోని గాలిదే. రోడ్డు సైకిల్‌లో ఐదారు బార్ల గాలి మామూలు. సైక్లోక్రాస్‌లో అది రెండు బార్ల చుట్టుపక్కల, తేలికైనవాళ్లకు ఇంకా తక్కువగా ఉంటుంది. ఆ స్థాయిలో 0.1 బార్ తేడా కూడా మలుపులో తెలిసిపోతుంది. 85 కిలోలు దాటిన రైడర్లకు ఈ లెక్క తేలికైనవాళ్లకంటే చిక్కుగా ఉంటుంది. ఈ వ్యాసం దాని గురించే.

అంకెలు ఎవరి కోసం

సైక్లోక్రాస్ మొదటినుంచీ తేలిక మనుషుల ఆట. 1950లో పారిస్‌లో జరిగిన మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ నెగ్గిన ఝాన్ రోబిక్ ఎత్తు 161 సెంటీమీటర్లు, బరువు 60 కిలోల ప్రాంతం. ఈ తరంలో భారీగా కనిపించే మాథ్యూ వాన్ డెర్ పూల్, వౌట్ వాన్ ఆర్ట్ కూడా 80 కిలోలు దాటరు. బెల్జియం, నెదర్లాండ్స్ పోటీల నుంచి బయటికొచ్చే 'ఫలానా చాంపియన్ 1.3 బార్‌తో గెలిచాడు' తరహా అంకెల వెనుక ఆ శరీరాలు ఉంటాయి. పత్తి దారంతో నేసి, రిమ్ముకు జిగురుతో అంటించే ట్యూబులర్ టైర్లు, చుట్టుచుట్టుకూ మార్చుకోవడానికి సిద్ధంగా ఉన్న రెండో సైకిల్, మెకానిక్కు కూడా ఉంటారు. వారాంతపు పోటీకి ఒకే సైకిల్‌తో వెళ్లే వంద కిలోల రైడర్‌కు ఇవేవీ ఉండవు. టైరు పోతే సైకిల్ మోసుకుంటూ పరుగెత్తడమే. అమెరికాలోని కొన్ని స్థానిక పోటీల్లో ఇలాంటివారికి క్లైడ్స్‌డేల్ అనే ప్రత్యేక విభాగం పెడతారు. 200 పౌండ్లు, అంటే 91 కిలోలు దాటినవాళ్లు అందులోకి వస్తారు. బరువులు లాగే ఒక స్కాట్లాండ్ గుర్రపు జాతి పేరది. పేరు పెట్టినవాళ్ల చమత్కారం కొందరికి నచ్చదు, విభాగం మాత్రం చాలామందికి నచ్చింది.

బరువు చేసే పని

ఒక బార్ పీడనమంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో బరువు. టైరు నేలకు ఆనే మేర కూడా ఈ లెక్కలోంచే వస్తుంది. 72 కిలోల రైడరు, 8 కిలోల సైకిల్ కలిస్తే 80 కిలోలు. అందులో వెనక చక్రం వాటా 55 శాతం అనుకుంటే 44 కిలోలు. టైరులో 1.7 బార్ ఉంటే నేలకు ఆనే మేర సుమారు 26 చదరపు సెంటీమీటర్లు. అదే గాలితో రైడరు, సైకిల్ కలిపి 110 కిలోలైతే వెనక చక్రం మీద 60 కిలోలు పడతాయి, ఆనే మేర 35కు పెరుగుతుంది. టైరు అంతగా చదునైందంటే రిమ్ముకూ నేలకూ మధ్య ఎడం అంతగా తగ్గినట్టే. మళ్లీ 26 దగ్గరికి రావాలంటే 2.3 బార్ కావాలి. టైరు గోడల బిగువును ఇందులో పట్టించుకోలేదు కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే అయినా దారి సరిగానే చూపిస్తుంది: మొత్తం బరువు ఎంత నిష్పత్తిలో పెరిగితే, రిమ్మును కాపాడే గాలి దాదాపు అంతే నిష్పత్తిలో పెరగాలి.

చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. గట్టి నేల మీద 2.3 బార్ టైరు కింద 26 చదరపు సెంటీమీటర్లు ఆనితే సరిపోయింది. మెత్తటి నేల అలా ఊరుకోదు. టైరులో గాలి ఎంత గట్టిగా ఉంటే బురద మీదా ఇసుక మీదా ఒత్తిడి అంత ఎక్కువ పడుతుంది. తేలికైనవాడి టైరు 1.7 బార్‌తో పైపైన సాగిపోయిన చోట భారీ రైడర్ టైరు 2.3తో దిగబడుతుంది. రిమ్ము ఎక్కువ గాలి అడుగుతుంది, నేల తక్కువ అడుగుతుంది. తేలికైన రైడర్‌కు ఈ రెండు హద్దుల మధ్య కాస్త చోటు ఉంటుంది. బరువైనవారికి అది చాలా ఇరుకు, కొన్ని మార్గాల్లో అసలే ఉండదు. అందుకే అలాంటి చోట ఏ కోరికను వదులుకోవాలో ముందే తేల్చుకోవాలి. ఒకే సైకిల్ ఉన్నవారు వదులుకోవాల్సింది పట్టునే. జారితే కొన్ని సెకన్లు పోతాయి, టైరు పోతే పందెమే పోతుంది.

కింది హద్దు ఎలా తెలుస్తుంది

గాలి చాలనప్పుడు ముందు చెప్పేది చెవి. వేరు మీదో, రాయి మీదో, కాలిబాట అంచు మీదో వెనక చక్రం పడగానే టక్కుమని లోహపు చప్పుడు వస్తే రిమ్ము నేలను తాకిందన్నమాట. ట్యూబ్ ఉన్న టైరులో ఆ ఒక్క దెబ్బ చాలు. రిమ్ము రెండు అంచులకూ కింది అడ్డుకూ మధ్య ట్యూబ్ నలిగి, పాము కాటులా పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. ట్యూబ్ లేని టైరైతే అంచు రిమ్ము నుంచి ఒక్క క్షణం విడిపోయి, బుస్సుమని గాలి వదిలి మళ్లీ అతుక్కుంటుంది. 33 మిల్లీమీటర్ల టైరులో ఉండే గాలే కొంచెం. అందులోంచి ఒక్కసారి బుస్సుమన్నా మిగిలేది తర్వాతి దెబ్బకు ఆగదు. రెండో సూచన నడుము చెబుతుంది. వాలుగట్టు మీద అడ్డంగా వెళ్తున్నప్పుడు, వేగంగా మలుపు తిరుగుతున్నప్పుడు టైరు పక్కకు మడత పడుతున్నట్టు సైకిల్ వెనక భాగం ఊగుతుంది. బెల్జియంలోని నామూర్ కోట చుట్టూ సాగే మార్గంలో ఇలాంటి అడ్డవాలులు పేరుమోసినవి. అక్కడ బరువైనవారికి రిమ్ము దెబ్బకంటే ముందు ఈ మడతే హద్దు గీస్తుంది.

అనుభవజ్ఞులు పాటించే పద్ధతి తేలిక. కాస్త ఎక్కువ గాలితో మొదలుపెట్టి, మార్గంలో అన్నిటికన్నా మొరటుగా ఉన్న ఒక్క చోటును పందెపు వేగంతో దాటి చూస్తారు. తీరిగ్గా దాటితే ఏమీ తెలియదు, వేగంగా దాటాల్సిందే. ప్రతి ప్రయత్నానికీ 0.1 బార్ తగ్గిస్తూ పోయి, రిమ్ము మొదటిసారి తాకగానే 0.1 నుంచి 0.15 పెంచి అక్కడ ఆగుతారు. చుట్టుకు ఒకసారి రిమ్ము తాకితే గాలి సరిగ్గా ఉన్నట్టు అనే మాట ఈ ఆటలో తరచూ వినిపిస్తుంది. ట్యూబులర్ టైర్ల కాలంలో, 65 కిలోల రైడర్ల మధ్య పుట్టిన మాట అది. వంద కిలోల బరువుతో, కార్బన్ రిమ్ముతో దాన్ని నమ్మితే పగిలేది టైరొక్కటే కాదు.

టైరు రకం

ట్యూబులర్ అంటే ట్యూబ్‌ను లోపల పెట్టి చుట్టూ కుట్టేసిన టైరు. దాన్ని రిమ్ముకు జిగురుతో అంటిస్తారు. ఆ రిమ్ముకు నిలువు అంచులు ఉండవు కాబట్టి ట్యూబ్ నలిగే అవకాశం తక్కువ, గాలి తక్కువగా ఉంచవచ్చు. కానీ భారీ రైడర్ మలుపులో తోసే తోపుకు జిగురు పని బాగా లేకపోతే టైరు ఊడి వచ్చేస్తుంది. ట్యూబ్ లేని టైరు ఇప్పుడు ఔత్సాహికుల్లో ఎక్కువ. బరువైనవారికి అందులో పలుచటి, మెత్తటి గోడల రకంకన్నా కొంచెం దళసరి గోడల రకమే నయం. గోడ కాస్త భారం మోస్తుంది, పక్కకు మడత తక్కువ పడుతుంది. లోపల నురుగు పట్టీ వేసుకునేవాళ్లూ ఉన్నారు. అది రిమ్మును కాపాడుతుంది, చక్రం బరువును మాత్రం పెంచుతుంది. ట్యూబ్ వేసిన మామూలు టైరు బరువైనవారికి చివరి ఎంపికగానే ఉండాలి.

33 మిల్లీమీటర్ల ట్యూబ్ లేని టైరుకు మొదటి అంచనాగా 85 కిలోల రైడరు ముందు 1.8, వెనక 2.0 బార్‌తో, వంద కిలోల రైడరు ముందు 2.0 నుంచి 2.1, వెనక 2.2 నుంచి 2.3తో మొదలుపెట్టవచ్చు. పీఎస్‌ఐలో చెప్పాలంటే వంద కిలోలకు ముందు 30, వెనక 33 దరిదాపు. ట్యూబులర్‌కు ఇందులోంచి 0.2 తీసేయవచ్చు, ట్యూబ్ ఉన్నదానికి 0.3 కలపాలి. టైరు గోడ మీద కంపెనీ ముద్రించిన కనిష్ఠ అంకెకు కిందికి మాత్రం దిగకూడదు.

నేలను బట్టి

తడి పచ్చిక, పలుచటి బురద మీద అంచనాకు 0.1 నుంచి 0.2 తగ్గించవచ్చు. ఇసుకలో ఇంకొంచెం కూడా తగ్గిస్తారు. 2012 ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగిన కొక్సైడ సముద్రతీరపు ఇసుక దిబ్బలు, జోన్‌హోవెన్‌లోని ఇసుక గుంట ఇందుకు పేరుపడ్డ చోట్లు. అయితే ఇసుక దాటగానే రాళ్లో వేర్లో ఉంటే బరువైన రైడర్ రాళ్లకు తగ్గ గాలినే ఉంచుకుని ఇసుకలో దిగి పరుగెత్తడం మేలు. రాత్రి మంచుకు బురద గడ్డకట్టి చక్రాల గాడులు గట్టిపడ్డ ఉదయం అన్నిటికన్నా ప్రమాదం. అప్పుడు గాలి పెంచాల్సిందే. అదే మార్గం మధ్యాహ్నానికి కరిగి మెత్తబడుతుంది. పొద్దున పరీక్షించిన అంకె మధ్యాహ్నపు పందేనికి పనికిరాదు.

గేజీ, చలి

మన ఊళ్లలో సైకిల్ షాపతను గాలి కొట్టి బొటనవేలితో నొక్కి చూస్తాడు. ప్రపంచ స్థాయి మెకానిక్కులూ ఆ పని చేస్తారు, ఆ తర్వాత గేజీ కూడా పెడతారు. నిలువు పంపు మీది గేజీ సాధారణంగా 11 బార్ల దాకా కొలుస్తుంది. దాని ముల్లు మీద 0.1 బార్ కంటికి ఆనదు. మూడు బార్ల దాకా మాత్రమే కొలిచే చిన్న గేజీ ఒకటి విడిగా ఉండాలి, ప్రతిసారీ అదే వాడాలి. ఇద్దరి గేజీలు ఒకే మాట చెప్పవు కాబట్టి పక్కవాడి అంకెను అరువు తెచ్చుకుని లాభం లేదు.

చలి సంగతి చాలామంది మరిచిపోతారు. 20 డిగ్రీల వెచ్చటి గదిలో 2.2 బార్ నింపిన టైరు 2 డిగ్రీల మైదానంలో కాసేపు నిలబడితే దాదాపు 2.0కు దిగుతుంది. గాలి ఎక్కడా కారలేదు, చల్లబడి కుంచించుకుంది అంతే. వంద కిలోల రైడర్‌కు ఉన్న ఇరుకు హద్దుల్లో ఆ 0.2 రిమ్ము దెబ్బకు సరిపోయేంత తేడా. లేటెక్స్ ట్యూబులైతే దీనికి తోడు రాత్రికి రాత్రే గాలి వదులుతాయి. చివరి కొలత మైదానంలోనే, బయలుదేరే ముందు జరగాలి.

వెడల్పు

పాలక్యాన్లూ ధాన్యపు బస్తాలూ మోసే మన పాతకాలపు సైకిల్ 28×1½ టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లు. బరువుకు అసలు జవాబు ఆ వెడల్పే. 33 నుంచి 40కి పోతే లోపలి గాలి పరిమాణం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, రిమ్ముకూ నేలకూ మధ్య ఎడమూ పెరుగుతుంది. అప్పుడు వంద కిలోల రైడరు కూడా 1.7, 1.8 బార్ల దగ్గర నిశ్చింతగా తిరగవచ్చు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ తన పోటీల్లో 33 మిల్లీమీటర్లు దాటనివ్వదు. ఆ కొలత 60 కిలోలవారికీ 100 కిలోలవారికీ ఒకటే, అదే ఈ నియమంలోని పక్షపాతం. యూసీఐ పరిధి బయట జరిగే చాలా స్థానిక పోటీలు ఈ హద్దును పట్టించుకోవు. ఫోర్కులో, ఫ్రేములో బురదకు చోటు మిగిలేటట్టయితే అక్కడ 38, 40 టైరు వేసుకోవడానికి బరువైనవారు మొహమాటపడనక్కర్లేదు.

యూసీఐ పోటీకి వెళ్లేవారు ఇంకొకటి చూసుకోవాలి. 33 అని ముద్రించిన టైరు వెడల్పాటి రిమ్ము మీద 34 దాకా ఉబ్బవచ్చు. అధికారులు ముద్రను చూడరు, కొలత గాడిలో టైరును దూర్చి చూస్తారు. అది దూరకపోతే ఆ చక్రంతో పోటీలోకి దిగనివ్వరు.