పిన్ను మీది చేయి ఏ కాలానిది?



సంక్రాంతి సెలవులయ్యాక మా హత్నూర హాస్టల్‌లో ఏడో తరగతి పిల్ల తన నాయనమ్మ పాత కాంచళి తెచ్చి చూపించింది. నిజాం కాలపు నాణేల వరుసలో ఒక ఇత్తడి పిన్ను కూడా కుట్టి ఉంది. దాని మీద రెండు వేళ్ళు చాపిన చేయి, కింద మూడు చుక్కలు, ఒక గీత. "సెల్ఫీ వేళ్ళే కదా మేడం!" అని నవ్వింది. తండాకు వచ్చిన పాత సామాన్ల వ్యాపారి కాంచళి మొత్తానికి ఐదు వందలు ఇస్తానన్నాడట.

ఆ వేళ్ళు సెల్ఫీల కంటే చాలా ముందువి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ బెల్జియంను ఆక్రమించింది. 1941 జనవరి 14న విక్టర్ డి లావెలే అనే బెల్జియం నాయకుడు లండన్ నుంచి బీబీసీ రేడియోలో 'వి' అక్షరాన్ని గుర్తుగా వాడమని తన ప్రజలను కోరాడు. ఫ్రెంచిలో విజయానికి, డచ్చిలో స్వేచ్ఛకు అదే మొదటి అక్షరం. మూడు చుక్కలు, ఒక గీత అంటే టెలిగ్రాఫ్ భాషలో 'వి'. చర్చిల్ దాన్ని వేళ్ళతో చూపించాడు. మొదట్లో ఒక్కోసారి అరచేయి తనవైపు తిప్పి చూపేవాడు, ఇంగ్లండ్‌లో అది తిట్టు! 1960ల్లో వియత్నాం యుద్ధం వద్దన్న అమెరికా యువత అవే వేళ్ళను శాంతికి వాడుకుంది. అందుకే వేళ్ళను మాత్రమే చూసి కాలం తేల్చకండి. పక్కన చుక్కలు, గీత ఉన్నాయేమో చూడండి. కెనడా 1943లో ఐదు సెంట్ల నాణెం మీద కూడా 'వి' ముద్రించింది.

మన హైదరాబాద్ పేరుతోనూ ఒక చేయి ఉంది. బ్రిటిష్ వాయుసేన 253వ దళం పేరు 'హైదరాబాద్ స్టేట్'. దాని బ్యాడ్జీలో యుద్ధపు గొడ్డలి పట్టిన చేయి ఉంటుంది. 152వ దళం బ్యాడ్జీలో నిజాం తలపాగా. విమానాలకు డబ్బిచ్చింది నిజామని ఆ పేర్లు. ఆ ఖజానా ఏ పల్లెల శిస్తుతో నిండిందో ఏ బ్యాడ్జీ మీదా రాయలేదు.

ఐదు వేళ్ళూ నిటారుగా ఉన్న చేయి దొరికితే తొందరపడకండి. అది పీర్ల పంజా కావచ్చు, యుద్ధంతో కలపొద్దు.

ఇంకో మాట. ఇత్తడి కదా అని చింతపండుతో తోమకండి. వెనక చిన్న అక్షరాలుంటే అరిగిపోతాయి, తయారుచేసినవాళ్ళ పేరు ఉండేది అక్కడే. మెత్తని పొడిబట్టతో తుడిచి, రెండు వైపులా ఫోటో తీసి, ఎవరి పెట్టెలో దొరికిందో, వాళ్ళకు ఎవరిచ్చారో నోటుబుక్కులో రాయండి.

ఆ పిల్ల ఆదివారం తండాకు పోయి నాయనమ్మను అడిగింది. "మా యాడి ఇచ్చింది, మెరుస్తుందని కుట్టుకున్న" అందట. కాంచళి అమ్మలేదు. ఊడిపోతున్న రెండు నాణేలను పిల్లే మళ్ళీ కుట్టింది.