న్యూటన్ గారి షేర్లు

న్యూటన్ షేర్లు కొని చేతులు కాల్చుకున్నాడని మనకి స్కూల్లో ఎవరూ చెప్పలేదు. యాపిల్ పండు దగ్గరే ఆపేశారు.

1711లో ఇంగ్లండులో సౌత్ సీ కంపెనీ అని ఒకటి పెట్టారు. ప్రభుత్వం అప్పుల్ని తన నెత్తికెత్తుకుని, అప్పిచ్చినవాళ్ళకి బదులుగా తన షేర్లిచ్చేది. దక్షిణ అమెరికాలోని స్పెయిన్ వలసలతో వ్యాపారం చేసే హక్కు కూడా దానిదే. వ్యాపారమంటే ముఖ్యంగా ఆఫ్రికా నుంచి బానిసల్ని తీసుకెళ్ళి అమ్మడం. 1718లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చి అదీ ఆగింది. అయినా 1720 జనవరిలో 128 పౌన్లున్న షేరు, జూన్ దాటేసరికి 1000కి దగ్గరపడింది!

ఎలాగంటారా? జూన్‌లో 1000 పౌన్ల కొత్త షేరుకి ముందు 100 కడితే చాలు, మిగతాది వాయిదాల్లో. చేతిలో ఉన్న షేర్లు తాకట్టు పెడితే కంపెనీయే అప్పిచ్చేది. ఆ డబ్బుతో మళ్ళీ షేర్లు.

న్యూటన్ అమాయకుడేం కాదు. 77 ఏళ్ళ వాడు, లండన్ టంకశాలకి అధిపతి. ఏళ్ళ తరబడి దాచుకున్న షేర్లని ఆ వసంతంలో మంచి లాభానికి అమ్మేశాడు కూడా. కానీ ధర ఆగలేదు. జూన్‌లో మళ్ళీ దిగి, అమ్మినదానికి దాదాపు రెట్టింపు పెట్టి కొన్నాడు. ఏడాది చివరికి షేరు 200 లోపు. 20,000 పౌన్లు పోయాయని ఆయన ఇంటివాళ్ళ మాట.

దీన్ని అత్యాశ అని తేల్చేస్తుంటారు. నేనొప్పుకోను. అత్యాశపరుడైతే మొదట అమ్మేవాడే కాదు. ఆయన్ని వెనక్కి లాగింది తను అమ్మిన ధర. "ఆ స్థలం అమ్మకుండా ఉంచి ఉంటేనా" అని మన ఇళ్ళల్లో ప్రతి పండక్కీ వినే మాట ఇదే కదా! అంతే లాభం ఇచ్చే సంతోషం కన్నా నష్టం పెట్టే బాధ ఎక్కువని కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో రాశారు. రాని లాభాన్ని కూడా మనసు నష్టం పద్దులోనే రాసుకుంటుందని నా అనుమానం.

అదే ఏడాది, అవే షేర్లు థామస్ గై అనే పుస్తకాల వ్యాపారి దగ్గరా ఉన్నాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కొంచెం కొంచెంగా అమ్మి 2,34,000 పౌన్ల పైచిలుకు చేసుకున్నాడు. తర్వాత కూడా ధర పెరిగింది. ఆయన మళ్ళీ కొనలేదు. లండన్ బ్రిడ్జి పక్కనున్న గైస్ హాస్పిటల్ ఆయన డబ్బుతో కట్టిందే, 1725లో తెరిచారు. అక్కడి ఆయన విగ్రహం ఉంచాలా తీసెయ్యాలా అని 2020లో పెద్ద చర్చే నడిచింది. ఆ కంపెనీ అమ్మిన సరుకు మనుషులు మరి.